కనరు నూనె పాఠం చెప్పిన మా సైన్స్ మేడం

పోయిన ఆదివారం పొద్దున కరీంనగర్‌లో డ్యూటీకి బయలుదేరుతుంటే, భైంసా నుంచి బాపు ఫోన్ చేశాడు. "బిడ్డా, మీ సైన్స్ మేడం పోయింది. గుండె ఆగిందట" అన్నాడు.

నేను ఆసుపత్రిలో ఈసీజీలు తీస్తాను. గుండె గురించి మొదటిసారి విన్నది ఆమె నోటే.

బాపుది బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం మేడం బండి దగ్గర ఆగి, మూకుడులోని నల్లటి నూనె చూసి, "అన్నా, గిది ఎన్నొద్దుల నూనె?" అని అడిగింది.

"మూడు రోజులది. పారబోస్తమా మేడం?" అన్నాడు బాపు ముఖం ముడుచుకొని.

ఆమె వాదించలేదు. చిన్న సీసాలో కొంచెం పోయించుకొని పోయింది.

మరునాడు క్లాసులో ఆ సీసా, కొత్త నూనె సీసా పక్కపక్కన పెట్టి వాసన చూడమంది. పిల్లలంతా ముక్కు మూసుకున్నారు. అది ఎవరి బండిదో ఆమె చెప్పలేదు. నేను తలెత్తలేదు.

"నూనెకు ఆక్సిజన్ తగిలితే గిట్ల కనరెక్కుతది. కొలెస్ట్రాల్ మన ఒంటికి కావాల్సిందే. ఎక్కువై గుండె రక్తనాళం గోడలకు జొచ్చి, ఆడ గిట్లనే చెడిపోతే పరేషాన్" అంది. చెడిన కొవ్వును ఊడ్చేయడానికి తెల్లకణాలు వస్తాయట. మింగి మింగి ఉబ్బిపోయి, కదలలేక ఆ గోడలోనే ఉండిపోతాయట. పూడిక అలా పెరుగుతుందట. "సాఫ్ చెయ్యొచ్చినోళ్లే ఆడ పేరుకపోతరు" అని బోర్డు మీద సుద్దముక్కతో రక్తనాళం గీసి, చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమె చీరలన్నిటికీ ఆ తెల్లటి మరక ఉండేది.

బడి విడిచాక నన్ను పిలిచి, "మీ బాపుకు నువ్వే చెప్పు. నేను చెప్తే కోపమొస్తది, నువ్వు చెప్తే ఇంటడు" అంది.

చెప్పాను. బాపు అరిచాడు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు మూకుడు ఎత్తి నూనె పారబోస్తూ, "నా చేతి బజ్జీ తిని ఎవలకన్న ఏమన్నయితే?" అన్నాడు, నాతో కాదు, తనలో తానే. ఆ వారం నుంచి మేడం ప్రతి శుక్రవారం వచ్చి ఒక్క బజ్జీ తినేది. రెండోది పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

ఆమెకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. వాళ్ల అమ్మ కూడా గుండె నొప్పితోనే పోయింది. అందరికీ పరీక్షలు చేయించుకొమ్మనే మనిషి, తన వంతు వచ్చేసరికి పిల్లల పరీక్షలు అయిపోనీ అనేది.

పోవడానికి ముందు రోజు, శనివారం, నాకు ఫోన్ చేసింది. "దవడ నొస్తుంది బిడ్డా, ఛాతీల మంట. గ్యాస్ అనుకుంట. నువ్వు ఫికర్ చెయ్యకు."

బయట పేషెంట్లు వరుసలో ఉన్నారు. "గోలీ వేస్కోన్రి మేడం, సోమవారం ఫోన్ చేస్త" అన్నాను. దవడ నొప్పి కూడా గుండెదే కావచ్చని రోజూ ఎందరో ఆడవాళ్లకు చెప్పే నేను ఆ మాటన్నాను. ఒక్క ఈసీజీ తీయించుకొమ్మని అనలేకపోయాను. తెల్లారేసరికి ఆమె లేదు.

భైంసా పోయేసరికి బాపు ఆమె గుమ్మం ముందు నేల మీద కూర్చొని ఉన్నాడు. బండి తీయలేదు. "గామె నాకు చెప్పింది. గామెకు ఎవ్వలం చెప్పలే" అన్నాడు. శనివారం ఫోన్ సంగతి అతనికి ఇప్పటికీ చెప్పలేదు.

మూడో రోజు మేడం వంటింట్లో ఆమె అక్క గిన్నెలు సర్దుతూ నన్ను పిలిచింది. కిటికీ పక్కన కొక్కేనికి గుడ్డ మూట వేలాడుతోంది. శనివారం మేడం నానబెట్టి కట్టిన పెసలు.

"ఏం చెయ్యాలె బిడ్డా గివి?" అంది ఆమె.

తెల్లటి మొలకలు గుడ్డ నేతలోంచి బయటికి వచ్చి, కిటికీ వైపు వంగి ఉన్నాయి.