మా వ్యాను మీద నాకున్న కుళ్ళు

ఇంకో ఆడదాని మీద కుళ్ళుకుంటే చెప్పుకోవడానికి ఒక పద్ధతి ఉంటుంది. అక్కచెల్లెళ్ళు చుట్టూ చేరతారు, ముక్కు చీదుకోవచ్చు, నాలుగు తిట్లు తిట్టుకుని తేలికపడొచ్చు. నా కుళ్ళు ఒక పాత వ్యాను మీద. పోయి ఎవరితో చెప్పుకునేది? హిందూపురంలో మా వీధివాళ్ళు వింటే పడీపడీ నవ్వుతారు. అందుకే రాసుకుంటున్నాను.

మా ఆయనది బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు. వారమంతా రాగి తీగలతో, కాలిపోయిన మోటార్లతో సరిపోతుంది. ఒకరోజు ఎవరో వదిలించుకున్న తెల్ల వ్యాను తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. మోటార్లు మోయడానికన్నాడు. ఇంతవరకూ దాంట్లో ఒక్క మోటారు ఎక్కించింది లేదు. ఫోనులో ఎవరెవరో బండ్లలోనే పడుకుని, బండ్లలోనే వండుకుని కొండల్లో తిరిగే వీడియోలు చూశాడు. ఇక మనిషి మాకు దక్కలేదు.

వెనక సీట్లన్నీ పీకేసి, పరిస్తే మంచం, మడిస్తే బెంచీ అయ్యేట్టు చెక్క బిగించాడు. పగిలిన స్పీకర్లలోంచి అయస్కాంతాలు ఊడదీసి, కిటికీలకు దోమతెర అంటుకునేట్టు చేశాడు. పైన సోలారు పలక, లోపల పాత కంప్యూటరులోంచి తీసిన ఫ్యాను. అదంతా సహించాను. వెనక తలుపు ఎత్తి, బయటికి జారివచ్చే వంటిల్లు చూపించిన రోజు మాత్రం నా కడుపు భగ్గుమంది. పోపులపెట్టెకు దాని సైజుకు సరిగ్గా ఒక గూడు. ఉప్పుకు, చింతపండుకు, రాగిపిండికి వేరువేరు సొరుగులు. గుంతల్లో ఎగిరినా మూతలు ఊడకుండా ఒక్కోదానికీ రబ్బరు పట్టీ. సంగటి కెలికేటప్పుడు గిన్నె తిరిగిపోకుండా పట్టుకోవడానికి స్టవ్వు పక్కన ఇనప కొక్కేలు కూడా పెట్టాడు మహానుభావుడు.

మరి ఇంట్లో? గోడబీరువా తలుపు ఒంటి బందు మీద వేలాడుతోంది. చేస్తాలే అంటాడు. పండగలు వచ్చి పోతున్నాయి, ఆ 'లే' మాత్రం పోవడం లేదు. సంగటి గిన్నెను నేను ఈనాటికీ నేలమీద పెట్టి, రెండు పాదాల మధ్య ఇరికించుకునే కెలుకుతాను. నా పాదాలు కాలుతాయేమో, వాటికి బదులు ఏదైనా కొక్కెం పెడదామని ఈ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

నిజం చెప్పాలంటే నా ఏడుపు ఆ సొరుగుల కోసం కాదు. ఆయన దాన్ని చూసే చూపు కోసం. సాయంత్రం షాపు మూసి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా దాని చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. వంగి చెవి పెట్టి వింటాడు. యాడన్నా కిర్రుమంటే అది ఎందుకు కిర్రుమందో తేలేదాకా అన్నానికి కూర్చోడు. నేను మోకాలు నొప్పితో కుంటుతూ నడుస్తుంటే టీవీ వైపే చూస్తూ ఆయింటుమెంటు రాసుకోమన్న మనిషి. నాకు నగలు వద్దు, చీరలు వద్దు. ఆ చూపు ఒక్కసారి నా మీద పడితే చాలు, అంతే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం.

పోనీ బండిలో నాకొక పాత్ర ఉందా అంటే, వంటమనిషి పాత్ర. డ్రైవింగు స్కూలుకు పోయి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నదాన్ని. స్టీరింగు మీద చెయ్యి వేయనిస్తే కదా. నా కాలు పడితే క్లచ్చు అరిగిపోతుందట. శనివారాలు షాపు తొందరగా మూసి ఒకసారి పెనుకొండ కొండ కిందికి, ఒకసారి అగళి దాటి అటువైపు పోయేవాళ్ళం. అగళి దగ్గర కన్నడం మాట్లాడే ఆడవాళ్ళు వ్యానులోకి తొంగి చూసి, సొరుగులు లాగి చూసి, ఇలాంటి మొగుడు దొరకడం నా అదృష్టమన్నారు. నవ్వాను. అలవాటైతే పళ్ళు నూరుకుంటూ కూడా నవ్వొచ్చు.

అంతటితో అయిందనుకుంటే, పడవొకటి తయారైంది. మా వైపు నీళ్ళంటే ట్యాంకరులో వచ్చేవి, లేదంటే బోరులో కిందికి దిగిపోయేవి. అలాంటిది కాలవ నీళ్ళు వచ్చి పెనుకొండ దగ్గరి రిజర్వాయరు నిండితే, జనం తీర్థానికి పోయినట్టు పోయి చూసి వచ్చారు. మా ఆయనా చూసి వచ్చాడు. వచ్చి, పడవ కడతానన్నాడు. వాళ్ళ వంశంలో గానీ మా వంశంలో గానీ పడవ ఎక్కిన మనిషి లేడు. ఈత అన్న మాటే మా ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు.

ధర్మవరంలో మా అత్త దగ్గర, పెరట్లో కట్టారు, ఆయనా మా మరిదీ కలిసి. నీలం రంగు డ్రమ్ములు వరసగా పేర్చి, వాటి మీద మా మామ నేసిన మగ్గం చెక్కలు బిగించారు. మామ పోయాక ఆ మగ్గాన్ని విప్పి అటక మీద పెట్టారు. అప్పుడు ఆ చెక్కతో నాకొక ఊయల చేసిపెట్టమని అడిగాను. అది నాయన మగ్గం, ముట్టుకోకూడదన్నాడు. పడవకైతే ముట్టుకోవచ్చట, నాయన సంతోషిస్తాడట. మా మామ నన్ను కూతురిలాగా చూసుకున్న మనిషి, ఊయలకు ఏడ్చేవాడా? ఆ రోజు నేను చేసిన కూరలో ఉప్పు ఎక్కువైందని అందరూ అన్నారు. కావాలనే వేశాను.

పడవలో నా వంతు పని ఏమంటే, బియ్యం సంచి గుడ్డకు జేబులు కుట్టి, వాటిలో ఖాళీ నీళ్ళ సీసాలు దోపి, నీళ్ళలో తేలే చొక్కాలు చేయడం. కూర్చునే పీటలు రెండు. చొక్కాలు రెండు కుట్టమన్నాడు. నాకింకేం కావాలి? ఒకటి ఆయన కొలతకు, ఒకటి నా కొలతకు కుట్టాను. మిషను ముందు కూర్చుని అద్దంలో నన్ను నేను చూసుకుని నవ్వుకున్నానంటే, నా తెలివి ఎంతదో మీకే అర్థమవుతుంది.

ఆషాఢంలో కొత్త పనులు వద్దని అత్త అడ్డం పడింది. శ్రావణం వచ్చాక ఒక ఆదివారం పొద్దున వ్యాను నెత్తిన పడవ కట్టుకుని ధర్మవరం నుంచి బయలుదేరాం. శ్రావణమైతే వచ్చింది గానీ గాలి ఇంకా ఆషాఢంలోనే ఉంది. దూరంగా రామగిరి వైపు కొండల మీద గాలిమరలు గిర్రున తిరుగుతున్నాయి. ఎంత బాగా తిరుగుతున్నాయో అని అందరం మెచ్చుకున్నాం. వాటిని చూసి ఒక్కరికీ బుద్ధి తట్టలేదు.

నీళ్ళ ఒడ్డున పడవను దింపి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందర బంతిపూల దండ వేశాం. కొత్త బండికి చేసినట్టే అన్నీ. చక్రాలు లేవు కాబట్టి నిమ్మకాయలు డ్రమ్ముల కింద పెట్టి తొక్కించాం. దిష్టి తీయడం ఇల్లాలి పని, నన్ను తీయమంది అత్త. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని పడవ చుట్టూ తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊళ్ళో దిష్టి అంటూ వచ్చి, ఇంట్లో దిష్టి అనే దగ్గర నా గొంతు తడబడింది. అదొక్కటే ఉంది కదా దానికి.

కొబ్బరిపీచు నిప్పుల్లో మిరపకాయలు వేశాను. మామూలుగా అయితే దగ్గు రావాలి, కళ్ళు మండాలి. ఒక్కరికీ ఏమీ కాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. ఆ ఊపు గాలికి ఘాటంతా అటే ఎగిరిపోయిందని తట్టాలి కదా. తట్టలేదు. అత్త చుట్టూ చూసి అంది:

"ఎవురి కన్నో శానా గట్టిగా పడిండాది దీనికి."

నేను ఒంగి నిప్పులు సర్దుతూ ఉండిపోయాను.

నా చొక్కా భుజాన వేసుకుని, కుడికాలు ముందు పెట్టి ఎక్కుదామని పడవ దగ్గరికి పోయాను. ఆయన నా భుజానికున్న చొక్కా తీసి తమ్ముడి చేతికిచ్చాడు. నాకు ఈత రాదు, వద్దన్నాడు. ఆయనకొచ్చా? తమ్ముడికొచ్చా? నా కొలతకు కుట్టిన చొక్కా మరిదికి సగం కూడా పట్టలేదు. పురికొసతో పొట్టకు కట్టుకున్నాడు. పోయి అత్త పక్కన నిలబడ్డాను. మాట్లాడితే అందరి ముందూ ఏడ్చేదాన్ని.

మంచి పని తూర్పు ముఖంగా మొదలుపెట్టాలి కదా. పడవ ముక్కును తూర్పుకు తిప్పి నెట్టారు. గాలి పడమర నుంచి వీస్తోంది. పడవ బాణంలాగా పోయింది. అది తన తెడ్డు గొప్పతనమనుకున్నాడు ఆయన. తెడ్డు పైకెత్తి మా వైపు ఊపి నవ్వాడు. పెళ్ళిపీటల మీద కూడా ఆ నవ్వు నేను చూడలేదు. ఒడ్డున నిలబడి, ఆ పడవ అక్కడే ఆగిపోవాలి దేవుడా అనుకున్నాను.

ఆగలేదు. అదే వచ్చిన చిక్కు. వెనక్కి తిరుగుదామని తెడ్లు వేస్తున్నారు, వేసేకొద్దీ దూరమవుతున్నారు. కాసేపటికి ఆయన నవ్వు పోయింది. మరిది రెండు చేతులతో పీటను పట్టుకున్నాడు. ఏదో అరుస్తున్నారు, ఎదురుగాలికి ఒక్క ముక్క వినపడదు. ఫోన్లు తడుస్తాయని రెండూ వ్యానులో పెట్టి పోయారు. అలలకు పడవ ఒక పక్కకు లేచి పడుతోంది. బంతిపూల దండ తెగి నీళ్ళలో పోవడం నాకు కనిపించింది. అత్త నేలమీద కూలబడి, ఏ పాపిష్టి కన్నో అని శోకాలు పెట్టింది. పడవ వద్దు, చూపూ వద్దు, మనిషి ఒడ్డుకొస్తే చాలనుకున్నాను.

గాలి వాళ్ళను అవతలి ఒడ్డుకు తోస్తోంది. అక్కడంతా నీళ్ళలో మునిగిన కంపచెట్లు, జనం లేని చోటు. ముల్లు గుచ్చుకుని డ్రమ్ములు చీలితే ఇద్దరూ పోతారు. ఆ ఆలోచన రాగానే అత్తను లేపి వ్యానులో కూలేశాను. తాళం బండికే ఉంది. జీవితంలో మొదటిసారి ఆ స్టీరింగు పట్టుకున్నాను. బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. నీ కాళ్ళు మొక్కుతా, ఈ ఒక్క పూట నా మాట వినవే అని దాన్ని బతిమలాడాను. నా సవతిని నేను బతిమలాడాను. కదిలింది.

కట్ట మీదుగా, చేల గట్లమీదుగా, దారి ఉన్నచోట దారిలో, లేనిచోట లేకుండా తోలాను. గుంతల్లో నా తల పైన తగులుతోంది, అత్త దేవుళ్ళందరినీ పిలుస్తోంది. వెనక మాత్రం ఒక్క డబ్బా పడలేదు, ఒక్క సొరుగు తెరుచుకోలేదు. అంత భయంలోనూ అది గమనించానంటే నా కుళ్ళు ఎలాంటిదో చూడండి.

మేం పోయేసరికి పడవ కంపల్లో ఇరుక్కుని ఉంది. ఇద్దరూ నడుముల దాకా బురదలో దిగి, ఒకరినొకరు పట్టుకుని ఒడ్డుకు వస్తున్నారు. చేతులనిండా ముళ్ళ గీతలు. నేను చీర ఎత్తి పట్టుకుని పరిగెత్తాను. ఆయన నా భుజం మీదుగా వెనక్కి చూసి అడిగాడు:

"బండిని యాడా గుద్దలేదు గదా మే?"

పరిగెత్తేదాన్ని అక్కడే ఆగిపోయాను. తువ్వాలు ఆయన మీదికి విసిరి, మరిదికి చెయ్యిచ్చి లాగాను. పడవను అక్కడే వదిలేశాం. ఆయన డ్రైవరు సీటు వైపు వస్తుంటే నేను ముందే ఎక్కి తలుపేసుకున్నాను. నా ముఖం చూసి, అటు తిరిగిపోయి పక్క సీట్లో కూర్చున్నాడు.

తారురోడ్డెక్కాక ఓరగా చూస్తే, ఆయన చెయ్యి స్టీరింగు పక్కన ముందు పలకను మెల్లగా నిమురుతోంది. బిడ్డ వీపు నిమిరినట్టు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, భయంతో కాదు.

"తోలింది నేను," అన్నాను.

చెయ్యి తీసేశాడు. తర్వాత చిన్నగా అన్నాడు:

"నువ్వు వస్తావని తెలుసు మే. బండి వస్తాదో రాదో అనేదే నా దిగులంతా."

మంచి మాటే. ఏ ఆడదైనా చీర కొంగుకు కట్టుకుని దాచుకునే మాట. వెనక అత్త కూడా ముక్కు చీదింది. కానీ నాకు ఒళ్ళంతా మండింది. ఇన్నేళ్ళకు తెలిసింది. ఈయన దేన్ని నమ్మడో దాని చుట్టూ తిరుగుతాడు, దానికి చెవి పెడతాడు, దాని నట్లు బిగిస్తాడు. నమ్మినదాన్ని వదిలేస్తాడు.

గేరు మార్చి, ఆయన వైపు చూడకుండానే చెప్పాను.

"రేపట్నించి నా మింద గూడా రోంత అనుమానం పెట్టుకో."