అలివేలుమంగ పేరు మీది జబ్బు

జిద్దాలో చాలా ఏళ్లుగా కాపురముంటున్న అలివేలుమంగకు, కాగితాల ప్రకారం ఫిట్స్ ఉన్నాయి. నిజానికి ఆ మనిషికి జలుబు చేయడం కూడా అరుదు. జబ్బు కూతురు స్నిగ్ధది.

స్నిగ్ధ తొమ్మిదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, సెలవులకు తిరుపతి వెళ్లిన చోట మొదటిసారి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయింది. పిల్ల తండ్రి, వంతెనల లెక్కలు కట్టే ఇంజనీరు రామప్రసాద్‌కు ఆ రోజు తట్టిన ఆలోచన ఒక్కటే. పిల్ల పేరు ఎక్కడా పడకూడదు, రేపు పెళ్లి కావాలి. జిద్దాలో ఆసుపత్రికి తీసుకెళ్తే ఎవరో ఒక తెలుగు నర్సు కంట పడక మానదు, ఆ తర్వాత మనవాళ్ల నోళ్లు మూయించడం ఎవరి తరం? పైగా ఫిట్స్ మాత్రలు సౌదీలోకి తేవాలంటే, తెచ్చే మనిషి పేరు మీదే డాక్టరు చీటీ ఉండాలి. ఏటా తెచ్చేది తల్లి. అందుకని తిరుపతిలో డాక్టరుగా ఉన్న చిన్నాన్న కొడుకు చేత చీటీలన్నీ అలివేలుమంగ పేరునే రాయించాడు. గుట్టూ దక్కింది, మాత్రలూ వచ్చాయని మురిసిపోయాడు మహానుభావుడు.

అలివేలుమంగ మాత్రం తక్కువ తిన్నదా? ఎయిర్‌పోర్టులో ఏం జబ్బని అడిగితే నాకే ఫిట్స్ అని తడుముకోకుండా చెప్పేది. బిడ్డ జబ్బును నెత్తిన వేసుకున్న తల్లినని లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఈ ఏడు స్నిగ్ధకు జిద్దాలోనే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో సీటొచ్చింది. నిద్ర మానుకుని చదివి, పరీక్ష నాడు పొద్దున్నే బాత్రూంలో పడిపోయింది. పరీక్ష పోయింది. యూనివర్సిటీలో ఇబ్బందులున్న పిల్లలకు సాయం చూసే ఆఫీసులో ఆయేషా మేడం మర్యాదగానే చెప్పింది. వైకల్యం ఉన్నవాళ్లకు మళ్లీ పరీక్ష పెడతారట, ఇకమీద అదనపు సమయం కూడా ఇస్తారట. కాకపోతే ఆధారం కావాలి. నెలాఖరులోగా తేకపోతే సున్నా వేస్తారు, సున్నా పడితే సీటే పోతుంది.

ఆధారమా? పదేళ్ల చీటీలు సంచి నిండా ఉన్నాయి, అన్నిటి మీదా తల్లి పేరే. తిరుపతికి ఫోన్ చేస్తే, ఇప్పుడు పిల్ల పేరున రాసిస్తే ఇన్నాళ్లూ దొంగ చీటీలు రాశానని నేనే ఒప్పుకున్నట్టు కదా అని ఆ తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. జిద్దా ఆసుపత్రిలో తలకు వైర్లు పెట్టి చూస్తే ఏమీ తేలలేదు. అక్కడి డాక్టరు చెడ్డవాడేం కాదు. ఒక్కోసారి ఈ పరీక్షలో దొరకదని చెప్పి, మాత్రలు మాత్రం ఆపొద్దనీ, మళ్లీ ఫిట్స్ వస్తే వీడియో తీసి తెమ్మనీ, అది చూసి సర్టిఫికెట్ ఇస్తాననీ అన్నాడు. ముఖమూ కాళ్లూ చేతులూ స్పష్టంగా కనపడాలన్నాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఎదురుచూపులు మొదలయ్యాయి. ఇన్నేళ్లూ రానీయకు స్వామీ అని మొక్కిన ఆ వెంకన్ననే అలివేలుమంగ ఇప్పుడు ఏమని అడగాలి? రోజులు దగ్గరపడేకొద్దీ, దీపం పెట్టి నిలబడితే ఒక్కసారి వచ్చి పోనీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఛీ, నేనేం తల్లినని తనను తానే తిట్టుకునేది. రామప్రసాద్ కొత్త ఫోన్ కొనుక్కొచ్చి, దీంట్లో కెమెరా బాగుంటుందన్నాడు. ఆ ఫోన్ అతని మొహాన కొట్టాలనిపించింది ఆమెకు.

ఒక శుక్రవారం, మసీదుల్లో జుమ్మా నమాజు వేళ, వంటింట్లో స్నిగ్ధ చేతిలోని గిన్నె జారిపడింది. వెనకే తనూ పడింది. మామూలుగా అయితే అలివేలుమంగ పరుగున వచ్చి, పిల్ల తల ఒళ్లోకి తీసుకుని, పక్కకు తిప్పి పట్టుకునేది. ఈసారి ఫోన్ తీసుకుంది. కాళ్లు కూడా పట్టాలని వెనక్కి జరిగింది. బిడ్డ తల గచ్చుకు కొట్టుకుంటుంటే చెయ్యి దానంతటదే ముందుకు పోయింది. చెయ్యి అడ్డమొస్తే ముఖం కనపడదని వెనక్కి తీసుకుంది. అంతా అయ్యేదాకా అలాగే నిలబడి తీసింది.

వీడియో చూసి డాక్టరు చాలా బాగా వచ్చిందన్నాడు. సర్టిఫికెట్ ఇచ్చాడు. యూనివర్సిటీ ఒప్పుకుంది. రామప్రసాద్ స్వీట్లు తెచ్చాడు, ఆఫీసులోనూ పంచి, ఎందుకని అడిగితే ప్రమోషన్ అని చెప్పాడట.

ఆ సాయంత్రం స్నిగ్ధ సోఫాలో కూర్చుని ఆ వీడియో చూసింది. కణత మీద వాపు ఇంకా తగ్గలేదు. చూడొద్దని తల్లి అంటున్నా చివరిదాకా చూసింది.

"దీంట్లో నువ్వు లేవేందిమా?"

తీసేది నేనే కదా అంది అలివేలుమంగ.

"ఎప్పుడు మెలకువొచ్చినా నీ ఒళ్లోనే ఉంటా కదా. ఈసారి గచ్చు తగిలింది. నువ్వు ఇంట్లో లేవేమో అనుకున్నా."