నేను కోసిన పడుగు

మొన్న అయిజ సంతలో ఉల్లిగడ్డలు ఏరుకుంటుంటే అక్కడున్న వాళ్లందరి ఫోన్లూ ఒక్కసారిగా కీచుమని మోగాయి. ఎగువన వానలు గట్టిగా పడుతున్నాయనీ, నది ఒడ్డు ఊళ్లవాళ్లు జాగ్రత్తగా ఉండాలనీ హెచ్చరిక. కూరగాయలమ్మే ఆమె తన ఫోను నా చేతికిచ్చి “జర దీని నోరు మూయించు సారూ” అంది, నేనూ మూయించి ఇచ్చాను, అందరూ మళ్లీ బేరాల్లో పడ్డారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇలాంటి కబుర్లు ఊరూరికీ మోసుకెళ్లడమే పనిగా బతికినవాణ్ణి కనుక నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా మనసు నిలవలేదు. నా ఈడు వాళ్లకు తుంగభద్ర పొంగి ఊళ్ల మీదికి వచ్చిన ఏడు గుర్తుండే ఉంటుంది. ఆ వరద ఎంత పెద్దదో మీకు నేను చెప్పనక్కర్లేదు. అప్పుడు నేను చేసిన ఒక పని ఉంది, అది చెబుతాను.

మాది గద్వాలలో నేతపని వాళ్ల ఇల్లు. మా నాన్న మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే ఆ చప్పుడు వింటూ పాఠాలు చదివినవాణ్ణి, కానీ చదువబ్బి రెవెన్యూ ఆఫీసులో చేరేసరికి నూలు వాసనంటే కాస్త నామోషీ పుట్టింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కొత్త ఉద్యోగినైన నాకు పై ఆఫీసరు చెప్పిందే వేదం. ఆ వానల్లో నన్ను నది ఒడ్డున ఉన్న ఒక నేతగాళ్ల ఊరికి పంపి, జనాన్నంతా మెరక మీదున్న బడిలోకి చేర్చమన్నారు. మా మేనత్త ఉండేది ఆ ఊళ్లోనే. మామ పోయాక పిల్లాజెల్లా లేని ఆమెకు ఉన్న తోడల్లా ఒక్క మగ్గం.

పొద్దున్నే డప్పు వేయించి, కట్టుబట్టలతో వెంటనే రావాలని చాటించాను. రైతుల వీధులు కదిలాయి. గొడ్లను తోలుకుని, బియ్యం మూటలు నెత్తిన పెట్టుకుని తిట్టుకుంటూనో ఏడ్చుకుంటూనో నడిచారు. నేతగాళ్ల వీధి మాత్రం ఉలకలేదు, పలకలేదు. మగ్గాల మీద సగం నేసిన చీరలున్నాయి. ఆ సంగతి బయటివాడికి తెలియకపోతే తెలియకపోవచ్చు, నాకు తెలియాలి. మా ఇళ్లలో చావు జరిగితే మగ్గం ఆగుతుంది గాని పడుగు తెగదు. నేత ముగియకుండా నిలువు పోగులు కోయడమంటే పొయ్యి మీద ఉడుకుతున్న కుండను పగలగొట్టడమే.

అత్త ఇంటికి వెళ్తే ఆమె గుంటలోనే కూర్చుని నేస్తోంది. నది పొంగితే నేతగాళ్లకు ముందు తెలిసేది పాదాలకే, గుంట అడుగున నీరు ఊరుతుంది. “గుంతల నీళ్లూరబట్టె, నాకు తెల్వదా అల్లుడా. నడుమల ఇడిసిపెట్టి యాడికొస్త” అంది. నేను అధికారం ఉన్నవాడిలా గొంతు పెంచాను. ప్రాణం ముఖ్యమా గుడ్డముక్క ముఖ్యమా అన్నాను. ఆమె “నలుగురిని…” అంటూ ఇంకా ఏదో చెబుతూనే ఉంది, నేను పక్కనున్న కత్తెర అందుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పడుగు కోసేశాను. బిగిసి ఉన్న పోగులన్నీ ఒక్కసారిగా సడలి గుంటలోకి జారిపోయాయి. అత్త తెగిన కొసలను కాసేపు వేళ్లతో దువ్వి గుంటలోంచి పైకి వచ్చింది.

ఒక్క మగ్గం కోస్తే మిగతావాళ్లు దారికొస్తారనుకున్నాను. కబురు నాకంటే ముందు వీధంతా పాకింది, ఒక్కొక్క తలుపూ మూసుకుంది. లోపల గడియలు పడుతున్న చప్పుడు నాకు వినిపించింది. నేను బతిమాలినా బెదిరించినా తలుపు తీసినవాళ్లు లేరు. అంతమందినీ నీళ్లకు అప్పగించింది నేనేనని అప్పుడు తెలిసొచ్చింది.

ఆ తలుపులు తెరిపించింది అత్తే. నన్ను వీధి మొగదలే నిలబెట్టి ఇంటింటికీ తిరిగింది. “పడుగు కొయ్యకుండ్రి. అచ్చుతోనే సుట్టి ఎత్తుకపోదం, నలుగురు నలుగురు రాండ్రి” అనే మాట ఒక్కొక్క గుమ్మం దగ్గరా వినబడింది. తలుపులు తెరుచుకున్నాయి. పోగులు ఎక్కించిన దువ్వెనలాంటి అచ్చును కదపకుండా, నేసిన బట్టను ఒకవైపు, నేయని పడుగును ఇంకోవైపు కర్రలకు చుట్టి, ఒక్కో మగ్గం పడుగును నలుగురు భుజాల మీద పసిబిడ్డను మోసినట్టు మోసుకుపోయారు. ఒక్కో ఇంటికి గంట కూడా పట్టలేదు. నీళ్లు వీధిలోకి వచ్చింది మర్నాడు మధ్యాహ్నం. మట్టి గోడలన్నీ కూలాయి, మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు. బడి గదుల్లో గోడల వెంబడి వరసగా పడుగు చుట్టలు ఆనించి ఉంటే, చుట్ట లేకుండా గోడకు ఆనుకుని కూర్చున్నది మా అత్త ఒక్కతే.

ఆ తర్వాత నేను గద్వాల నుంచి వనపర్తి దాకా, అటు సోమశిల పడవల వాళ్ల దాకా ఎన్నో ఊళ్లలో వరద జాగ్రత్తలు చెప్పాను. ఏ ఊరికి వెళ్లినా ముందు నేను అడిగేది, దేన్ని వదిలి రాలేరో చెప్పమని. ఒకరు ఈనబోయే బర్రె అంటారు, ఒకరు విత్తనాల గుమ్మి అంటారు, ఇంకొకరు మంచంలో ఉన్న అత్తగారు అంటారు. దానికి దారి చూపిస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే కదులుతారు. ఇది నాకు ఏ శిక్షణలోనూ నేర్పలేదు.

నది ముంచిన ఆ ఊరికి ఎత్తు మీద కొత్త కాలనీ కట్టారు. గట్టి ఇళ్లు, నీళ్లు రావు. ఆ గదుల్లో మగ్గం గుంటకు చోటు మాత్రం పెట్టలేదు, అడిగి కట్టినవాళ్లు లేరు. అత్త మళ్లీ నేయలేదు. గుంట లేకనో, మనసు రాకనో అని నేను అడగలేదు. మంచం పట్టాక చూడటానికి వెళ్లి, ఆ రోజు నేను చేసింది తప్పు అత్తా అన్నాను. “నువ్వు అడుగకపోతివి, నేను జెప్పకపోతి. ఇద్దరిదీ సమానమే పో” అంది.

ఆమె పోయి ఏళ్లయింది. ఇవాళ ఆ కాలనీలో మనుషులు క్షేమంగానే ఉన్నారు, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినా మగ్గం చప్పుడు ఒక్కటి వినబడదు. అటు వెళ్లినప్పుడల్లా అత్త మాట గుర్తొస్తుంది, అది అబద్ధమని కూడా గుర్తొస్తుంది. ఆమె చెప్పబోయింది. నలుగురిని పిలువు అల్లుడా అనేదాకా వచ్చింది. అప్పటికే నా చేతిలో కత్తెర ఉంది.