ఐదు తూటాలు, ఒక సంతకం

పోలీసు సీరియల్ రాని ఆదివారం నా చిన్నప్పుడు నాకు ఆదివారమే కాదు. మిర్యాలగూడకు కొంత దూరంలో ఒక చిన్న ఊరి ఠాణాలో మా నాయన రైటర్. అంటే కేసులు, డైరీలు రాసే హెడ్ కానిస్టేబుల్. ఠాణా వెనకే మా క్వార్టర్. ఊరంతటికీ రెండో మూడో టీవీలు ఉండేవి, అందులో ఒకటి రైసుమిల్లు వాళ్లింట్లో. తలంటు పోసుకుని, జుట్టు ఆరకముందే వాళ్ల హాల్లో చాప మీద చేరేవాళ్లం. తెలుపు నలుపు బొమ్మ, గాలి వీస్తే వణికేది. డాబా మీద ఒకరు యాంటెనా తిప్పుతుంటే కింద నుంచి మేమందరం వచ్చింది, పోయింది అని అరిచేవాళ్లం.

సీరియల్ హిందీలో వచ్చేది, మాకు సగం అర్థమయ్యేది కాదు. అయితే ఏం? ఇన్‌స్పెక్టర్ నడుముకున్న తోలు ఒర గుండీ విప్పాడంటే చాలు, ఊపిరి బిగబట్టేవాళ్లం. రివాల్వర్ చక్రం టకటకా తిరిగేది. ఇప్పుడొచ్చే పిస్తోళ్లకు ఆ అందం లేదు, ఎవరేమన్నా నేను ఒప్పుకోను. ఒక ఆదివారం నన్ను పిలుచుకుపోవడానికి వచ్చిన మా నాయన గుమ్మంలో నిలబడి కాసేపు చూశాడు. ఇంటికి వస్తూ, ఆరు తూటాలు పట్టే దాంట్లో తొమ్మిది పేల్చాడే, ఆ మూడూ ఏ రైటర్ ఇచ్చాడో అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. మా హీరోను అంత మాట అంటాడా అని దారంతా మూతి ముడుచుకున్నాను.

చాప మీద ముందు వరుసలో ఎవరు కూర్చోవాలో చెప్పే పెత్తనం మిల్లు వాళ్ల అక్కది. నేను పోలీసాయన కూతుర్ని కాబట్టి ముందు కూర్చుంటానని ఒకరోజు పేచీ పెట్టాను. అక్క నన్ను కిందికీ మీదికీ చూసింది.

"రివాల్వర్ ఎస్సై సారు తాన ఉంటది. మీ నాయన తాన ఏముంటది? పెన్ను. నువ్వు రైటర్ బిడ్డవు, ఎన్కకు కూసో."

అందరూ నవ్వారు. మా నాయన దగ్గరా తూటాలుంటాయి, ఒకటి తెచ్చి చూపిస్తాను అన్నాను. తెస్తే ముందు వరుస ఎప్పటికీ నీదే అంది అక్క.

ఆ మధ్యాహ్నమే అన్నం డబ్బా పట్టుకుని ఠాణాకు వెళ్లాను. కోదాడలో బందోబస్తు ముగించుకుని ఎస్సైగారు అప్పుడే జీపు దిగారు. రివాల్వర్ బయటికి వెళ్లినా, తిరిగి వచ్చినా మా నాయన టేబుల్ దాటే పోవాలి. వెళ్లేటప్పుడు ఆరు తూటాలు, వచ్చాక ఆరు. పేల్చి ఉంటే ఖాళీ గొట్టమైనా చూపించాలి. నాయన వాటిని చూసుకుని, పుస్తకంలో రాసి, సంతకం పెట్టించుకుని పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. ఎస్సైగారు చక్రం తెరిచి తూటాలను టేబుల్ మీద ఒంపి, ముఖం కడుక్కోవడానికి నల్లా దగ్గరికి నడిచారు. అప్పుడే ఫోను మోగింది. నాయన అటు తిరిగాడు. నా చెయ్యి దానంతట అదే వెళ్లింది. ఇత్తడి తూటా, నా చిటికెన వేలంత ఉంది. గౌను జేబులో వేసుకున్నాను.

ఫోను పెట్టేసి నాయన లెక్కపెట్టాడు. ఐదు. మళ్లీ లెక్కపెట్టాడు. ఎస్సైగారు తువ్వాలు భుజాన ఉండగానే వచ్చి చూశారు. లెక్క చూడకుండానే ఒంపానని ఒప్పుకున్నారు. ఒక్క తూటా పోతే సస్పెన్షన్, ఆ మీదట ఎంక్వైరీ. నాకు ఆ మాటలు తెలియవు గానీ, అంత ఎత్తు మనిషి ముఖం పాలిపోవడం తెలిసింది. జీపు సీట్లు ఊడదీశారు. కోదాడ దాకా వెనక్కి పోయి, ఆగిన చోటల్లా వెతికి రమ్మని డ్రైవరుకు చెబుతున్నారు. ఆయన భార్య వారం కిందటే పురుడు పోసుకుంది, ఆ ఇంటికి ఈ కబురు ఎలా చెప్పాలా అని ఆయన గొణుక్కోవడం నాకు వినబడింది. నేను బెంచీ మీద నుంచి కదల్లేదు.

రోజూ డబ్బా పెట్టేసి పరుగెత్తే పిల్ల జేబు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే ఏ తండ్రికైనా అనుమానం రాదా? మా నాయన అడగలేదు, తిట్టలేదు. పెద్ద పుస్తకం తెరిచి, పెన్ను మూత తీసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బిడ్డా, ఇగ నేను రాస్తున్న. ఈ పుస్తకంల ఒకసారి రాస్తే కొట్టేసుడు ఉండదు. సారు పోగొట్టిండని రాయాల్నా?"

పెన్ను కాగితానికి ఆనబోతూ ఆగింది. నేను తూటా తీసి పుస్తకం మీద పెట్టి, ఏడుపు అందుకున్నాను.

ఎస్సైగారు కుర్చీలో కూలబడి, కాసేపటికి నవ్వేశారు. చిన్నపిల్ల, వదిలేయండి, దొరికింది కదా, ఇక ఏమీ రాయొద్దు అన్నారు. మా నాయన లేచి నిలబడ్డాడు.

"నా టేబుల్ మీద పోయింది సార్. నా తప్పు నేను రాసుకోకపోతే, రేపు ఇంకొకల తప్పు ఏ చేత్తోటి రాస్త?"

రాశాడు. రాసింది నాకు చదివి వినిపించాడు. తూటా తీసింది తన కూతురని, వయసు తొమ్మిదేళ్లని, చూసుకోకపోవడం తన నిర్లక్ష్యమని. పుస్తకం ఎస్సైగారి వైపు తిప్పాడు. బెల్టు, బూట్లు, టోపీ, భుజానికి వేలాడే రివాల్వర్ తాడు, అన్నీ ఉన్న ఆ మనిషి వంగి, మా నాయన పెన్నుతో, మా నాయన చూపించిన చోట సంతకం పెట్టారు. ఏడుస్తూనే అది చూశాను. ఆ క్షణాన నాకు కలిగిన గర్వం ఏ సీరియల్లో ఏ ఇన్‌స్పెక్టరూ కలిగించలేదు.

నాయనకు మెమో వచ్చింది. ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. అమ్మ నెల రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, నాతో అసలే మాట్లాడలేదు. తరువాతి ఆదివారం తూటా ఏదని అక్క అడిగితే, మా నాయన రాయనిదే రివాల్వర్ ఠాణా గడప దాటదని చెప్పి, నా అంతట నేనే వెనక వరుసలో కూర్చున్నాను. ఇన్‌స్పెక్టర్ ఏడోసారి పేల్చగానే గట్టిగా నవ్వాను. అందరూ వెనక్కి తిరిగి నన్నే చూశారు.

పెద్దయ్యాక నర్సునయ్యాను. ఒకరోజు దవాఖానలో ఒక మంచానికి ఇవ్వాల్సిన మాత్ర పక్క మంచం మీది ఆయనకు ఇచ్చాను. ఆయనకేమీ కాలేదు, ఎవరూ చూడలేదు. నేను డాక్టరుకు చెప్పి వచ్చి, రిజిస్టరులో రాస్తున్నాను. కొత్తగా చేరిన అమ్మాయి కంగారుగా నా చెయ్యి పట్టుకుంది.

"ఎవ్వలు సూడలే గదక్కా, ఎందుకు రాస్తున్నవ్?"

"నేను రైటర్ బిడ్డను" అని సంతకం పెట్టాను.