పిన్ని పెట్టెకు సమీకరణం

మా బాబాయిని వీధిలో అందరూ లెక్కల మాస్టారనే అంటారు. రిటైరై ఆరేళ్లయినా ఆయన దిద్దడం మానలేదు. విద్యార్థులు లేరు గనుక ఇప్పుడు మా పిన్ని మాటల్ని దిద్దుతుంటాడు.

పిన్ని ఇంట్లో పిల్లలకు పాట నేర్పేది. ఈ వేసవిలో ఆవిడ హార్మోనియం తిత్తి చిరిగింది. బాగుచేసే ఆయన మూత తీసి చూసి, "లోపల స్వరం పలికే ఇత్తడి రీడ్లన్నీ చిలుమేనమ్మా, ఇక దీన్ని వదిలేయండి" అన్నాడు. పిన్ని పెట్టె మీద దుప్పటి కప్పేసి, పిల్లల్ని రావద్దంది. నెల తిరిగినా ఇంట్లో కూనిరాగం లేదు.

బాబాయికి అది ముల్లులా గుచ్చుకుంది.

"నీ పెట్టె గొంతు లెక్క కట్టి తెస్తా, చూడు" అన్నాడు.

"లెక్కలకు పాటొస్తే మీరీపాటికి పెద్ద విద్వాంసులయ్యేవారు" అంది పిన్ని.

వంటింటి పక్క బల్ల మీదికి కంప్యూటరు వచ్చింది. ఒక సైన్ అలకు సమీకరణం రాసిస్తే అది ఉత్త ఈల వేసేది. దానికి రెట్టింపు వేగంతో ఒకటి, మూడింతల వేగంతో ఇంకొకటి కలుపుతూ పోతే ఈల కాస్తా గొంతుగా చిక్కబడేది. పదకొండో అల దగ్గర అచ్చం పెట్టె పలికింది. స్వరం సన్నగా వణకాలని బాబాయి సమీకరణం చివర్న ఇంకో పదం చేర్చి మీట నొక్కాడు.

వణుకు లేదు. నాదం నెమ్మదిగా ఉబ్బి, నెమ్మదిగా తగ్గి, మళ్లీ ఉబ్బింది.

బాబాయి నోటుబుక్కు చూసి నాలిక్కరుచుకున్నాడు. డిగ్రీల్లో ఇవ్వాల్సిన కోణాన్ని ఆ ఒక్కచోట రేడియన్లలో ఇచ్చాడు. వణుకు యాభై ఏడు రెట్లు నెమ్మదించింది.

"ముప్పై ఏళ్లు ఈ తప్పుకే పిల్లల్ని బెంచీ ఎక్కించాను! ఉండు, దిద్దేస్తా."

"ముట్టుకున్నారంటే ఊరుకోను!"

పిన్ని తడిచేతులతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎడమచెయ్యి గాల్లో తిత్తి వేస్తున్నట్టు ముందుకీ వెనక్కీ ఆడుతోంది.

"నేనూ ఇలాగే కదండీ తిత్తి ఊదేదాన్ని" అని, ఆ నాదంలో గొంతు కలిపింది. మొదట బొంగురుగా, తర్వాత తేటగా.

ఆదివారం ఏడుగురు పిల్లలొచ్చారు. నోటుబుక్కులో ఆ లైను ఇప్పటికీ తప్పే. పక్కన బాబాయి ఎర్రసిరాతో రాసుకున్నాడు: "దిద్దరాదు."