పైకి లేచిన గుంత

2024 వర్షాకాలం. ప్రసూతి సెలవు ముగించుకుని తిరుమలగిరిలోని మా చిన్న యూనిట్‌లో మళ్లీ చేరాను. పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలను చూపులేని పిల్లలు వేళ్లతో తడిమి తెలుసుకునేలా చేయడం మా పని. అచ్చు మీద ప్లాస్టిక్ షీటును వేడిచేసి లాగితే బొమ్మ ఉబ్బెత్తుగా వస్తుంది. దాన్ని టాక్టైల్ ప్లేటు అంటాం.

తిరిగి చేరాక నాకిచ్చిన మొదటి ప్లేటు అంగారకుడి మీది ‘పెడెస్టల్ క్రేటర్’. ఉల్క పడ్డచోట గుంత ఉండాలి కదా. ఇదేమో చుట్టుపక్కల నేలకన్నా ఎత్తులో, గద్దె మీద పెట్టినట్టుంటుంది.

మా దగ్గర ఏ ప్లేటైనా శ్యామలక్క వేళ్లు దాటాల్సిందే. పుట్టుకతోనే చూపులేని ఆమే మాకు ప్రూఫ్ రీడర్. నా ప్లేటు తడిమి నవ్వింది.

“ఏందీ పిల్లా, అచ్చు ఉల్టా పెట్టినవా? గుంతను గుట్ట చేసినవ్!”

“లేదక్కా, అది అట్లనే ఉంటది.”

“నీ బిడ్డ నిన్ను నిద్రపోనిస్తలేదు, గంతే.”

మా ఇన్‌చార్జి విన్నారు. “పిల్లలు తికమకపడతారమ్మా. అక్క రేపు కూడా ఒప్పుకోకపోతే దీన్ని తీసేసి మామూలు క్రేటర్ పెట్టేద్దాం” అన్నారు.

గ్యాస్ కట్టేశానా అని వంటింట్లోకి పదేపదే వెళ్లే మనిషిని నేను. అచ్చునూ అలాగే తిప్పి తిప్పి చూశాను. తప్పు లేదు. చూపున్న పిల్లల పుస్తకంలో ఆ ఫోటో ఉంది, మరి వీళ్లకెందుకు ఉండకూడదు? ఆలోచిస్తే తెలిసింది, నేను ఆకారం మాత్రమే ఇచ్చాను, అది ఎలా వచ్చిందో ఇవ్వలేదు.

మర్నాడు ప్లేటును మూడు గళ్లు చేశాను. మొదటి గడిలో మంచు కలిసిన మట్టినేల, నున్నగా. రెండో గడిలో ఉల్క చేసిన గుంత, చుట్టూ చిమ్మిన రాళ్ల గరుకు. మూడో గడిలో ఆ రాళ్ల కప్పు కింది మంచు అలాగే నిలిచింది. కప్పు లేనిచోట మంచు ఆవిరై, మట్టి గాలికి పోయి, నేల దిగిపోయింది; గుంత ఎత్తులో మిగిలింది.

శ్యామలక్క వేళ్లు మూడో గడి దగ్గర ఆగాయి. రెండోదానికి వెళ్లి మళ్లీ వచ్చాయి.

“అరే! మా చిలకలగూడ గల్లీల మ్యాన్‌హోల్ లెక్కనే ఉన్నది. దాని చుట్టూ సిమెంట్ పోసిన్రు. వానకు రోడ్డు మీద మట్టంత కొట్టుకపోయింది, అదొక్కటే పైకి నిలబడ్డది. రోజూ నా కర్ర దానికే తగుల్తది.” వెంటనే లోపలికి కేకేసింది. “సార్, ఇది తీసేస్తే నేను ఊకోను!”

ప్లేటు పుస్తకంలోకి వెళ్లింది. అప్పటినుంచి వింతగా తోచే ఏ ఆకారాన్నీ నేను ఒంటరిగా పంపలేదు, అది ఎలా ఏర్పడిందో కూడా వేళ్లకు అందిస్తున్నాను.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు శ్యామలక్క ముందుగా ఆ మూడో గడే తడమనిచ్చి, “ఉల్టానా, సీదానా?” అని అడుగుతుంది. పక్క బల్ల దగ్గర నేను వింటుంటాను. వాళ్లు “ఉల్టా” అనగానే ఆమె గొంతు గర్వంగా లేస్తుంది.

“మా పిల్ల చేసిన ప్లేటది. మొదటి గడికెళ్లి చూడు!”