పెండలమని చెప్పాను

డిగ్రీ రెండో ఏడాది చదివే ఆ రోజుల్లో, నాకు తెలియని మొక్క మా జిల్లాలో మొలవనే లేదని నా గట్టి నమ్మకం. ఆమదాలవలసలో మా మావ ఇంట్లో ఉండి, శ్రీకాకుళం కాలేజీలో బోటనీ వెలగబెట్టేవాణ్ణి. కొండల్లో తిరిగి తెచ్చిన ఆకుల్నీ పువ్వుల్నీ పాత పేపర్ల మధ్య పెట్టి మావ పరుపు కిందికి తోసేవాణ్ణి (పాపం, ఆయన బరువే నాకు ప్రెస్సు). వానాకాలంలో ఒక శుక్రవారం కొండ మీద పొదకి అల్లుకున్న తీగ కనిపించింది. దానికి ఎర్రగా, పసుప్పచ్చగా పెద్ద పువ్వు. తవ్వితే లావుపాటి దుంపలు. తీగ ఉంది, దుంప ఉంది, ఇంకేం కావాలి? అడవి పెండలమని తేల్చేశాను. పువ్వు, ఆకులు పరుపు కిందికి, దుంపలు వంటింట్లోకి వెళ్లాల్సి ఉండగా, మావ ఆ పువ్వుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన చిన్నప్పటినుంచీ దుంపలు తవ్విన రైతు.

"ఒరే అల్లుడూ, పెండలానికి ఇంత పువ్వు పూస్తాదేటి? నానెప్పుడూ సూణ్ణేదు."

"బోటనీ నువ్వు చదివావా మావా, నేను చదివానా?"

"అదీ నిజమే. సదువుకున్నోడివి, నీకు తెలీదేటి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోంచి పోలేదు.

మర్నాడు నేను కాలేజీకి పోయాక ఆ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నాడు. అత్తకి శనివారం ఒక్కపొద్దు కాబట్టి బతికిపోయింది. మధ్యాహ్నానికి మావకి వాంతులు, విరేచనాలు. నేను ఆసుపత్రికి పరిగెత్తేసరికి ఆయన కళ్లు లోతుకి పోయి ఉన్నాయి. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే అత్త నా వైపు చూపించింది. "ఆడ్నడగండి బాబూ, ఆడే తెచ్చినాడు."

ఇంటికి పోయి పరుపు ఎత్తాను. కోసినప్పుడు చూడని పువ్వుని అప్పుడు చూశాను. ఆరు రేకులు. అంచులు అలలు తిరిగి, కింద పసుపు, పైన ఎరుపు, అన్నీ వెనక్కి విరుచుకుని ఉన్నాయి. ఆరు కేసరాలు. పువ్వు నడిమి కాడ, అదే కీలం, మొదట్లోనే పక్కకి వంగిపోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా ఆకు కొన సన్నగా సాగి దారంలా చుట్టుకుంది. పెండలం ఆకు అలా చుట్టుకోదు. కొన్న రోజు నుంచీ తెరవని నా పుస్తకాన్ని తెరిచాను. అగ్నిశిఖ. దుంప నిండా విషం. ఏడుస్తూ ఆ పువ్వున్న కాగితం తీసుకెళ్లి డాక్టరు చేతిలో పెట్టాను. "దీనికి విరుగుడు లేదు. చేయగలిగింది చేస్తాం, కనిపెట్టుకుని ఉండండి" అన్నాడాయన.

ఆరు రోజులు అలాగే ఉన్నాం. మావ బతికాడు. రెండో వారంలో జుట్టంతా (మీసాలతో సహా) దిండు మీద రాలిపోయింది. అద్దంలో చూసుకుని "తిరపతెల్లకుండానే మొక్కు తీరిపోనాది" అన్నాడు. మేమెవరమూ నవ్వలేదు. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను పిల్లలకి అదే బోటనీ చెబుతున్నాను. కొండకి తీసుకెళ్తే ముందు ఆ ఆకు కొన పట్టి చూడమంటాను, పేరు తరవాత. మావకి జుట్టు మళ్లీ ఒత్తుగానే మొలిచింది. ఏ కొత్త దుంప దొరికినా ఆయన ఇప్పటికీ నాకే చూపిస్తాడు, "సదువుకున్నోడివి, సూడు" అంటూ. నేను ఆకు చూస్తాను, పువ్వేదని అడుగుతాను, చివరికి "నాకు తెలీదు మావా, నువ్వే చెప్పు" అంటాను. అప్పుడాయన జుట్టు పల్చబడుతున్న నా తల నిమిరి, "నువ్వేటి తిన్నావురా?" అని నవ్వుతాడు. కాసేపటికి నేనూ నవ్వుతాను.